తాళం మనది, తలుపు మనది, బయట నిలబడ్డదీ మనమే

రాయచూరు కోట వాకిలి నుంచి సింధనూరు క్యాంపుల దాకా, గుళె పోయిన పల్లెల దాకా... ఒకే జిల్లాలో మూసుకున్న తలుపుల కథలు

రాయచూరులో తలుపు తెరుచుకోక బయట పడిగాపులు కాసినవాళ్లలో అందరికంటే పెద్ద మనిషి శ్రీకృష్ణదేవరాయలు. ఒక పూటా రెండు పూటలా కాదు, సుమారు మూడు నెలలు. 1520లో కోటకు తూర్పు దిక్కున దండు దించి, ఎదురుగా కనిపిస్తున్న ఊళ్లోకి పోలేక ఎండలో కూర్చున్నాడు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ నేల తన పెద్దలదని ఆయన లెక్క. బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షా లెక్క వేరు. లోపల గడియ పెట్టుకున్నది సుల్తాను మనుషులు.

గొడవకు నిప్పు రాజేసింది మాత్రం డబ్బు ఎగవేత. గోవాలో గుర్రాలు కొనుక్కురమ్మని రాయలు నలభై వేల వరహాలిచ్చి పంపిన సయ్యద్ మరైకార్ ఆ సొమ్ముతో సహా ఆదిల్ షా పంచన చేరాడు. అప్పగించమంటే సుల్తాను అప్పగించలేదు. ఈ కథంతా రాసిపెట్టింది ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. బేరాలాడే మనిషి కాబట్టేమో, ఎవరికి ఎంత ముట్టిందో మరిచిపోలేదు. గునపాలు పట్టుకుని కోటగోడ పీకడానికి పోయిన సైనికులకు, ఊడబెరికి తెచ్చిన రాయి సైజును బట్టి పది, ఇరవై, ముప్పై, యాభై ఫణాల దాకా చెల్లించారట. పైనుంచి ఫిరంగులు పేలుతుంటే కింద రాయికింత అని పీస్ రేటు! జనం తెగించి పోయారు. గోడ కొంత ఊడింది. కోట తెరుచుకోలేదు.

మధ్యలో ఆదిల్ షా పెద్ద సైన్యంతో కృష్ణ దాటి వచ్చాడు. మే 19న జరిగిన పోరులో ఓడి, వచ్చిన దారినే పారిపోయాడు. అయినా కోట తలుపులు మూసే ఉన్నాయి. అప్పుడు రంగంలోకి దిగాడు క్రిస్టోవావ్ ద ఫిగైరెదో. వెంట ఇరవై మంది పోర్చుగీసులు, చేతుల్లో తుపాకులు. గోడ మీద తల ఎత్తినవాణ్ణల్లా కాల్చడం మొదలుపెట్టారు. కింద ఏం జరుగుతోందో చూద్దామని కోట అధికారి తల బయటపెట్టాడు. నుదుట గుండు తగిలి కూలిపోయాడు. మర్నాడు ఊరివాళ్లే తలుపులు తీసి, చేతులు పైకెత్తి, శరణంటూ బయటికొచ్చారు. మూడు నెలలు రాళ్లు పీకినా తెరుచుకోని కోట, లోపలివాళ్లు ఇక చాలనుకున్న పూట తెరుచుకుంది.

ఆ ద్వారాలు ఇవాళ్టికీ ఊరి మధ్యనే ఉన్నాయి. వెలుపలి ప్రాకారానికి నౌరంగి, మక్కా, కాటి, ఖందక్, దొడ్డి దర్వాజాలు. లోపలి దానికి సైలాని, సికందరి. ఆటోలు, తోపుడుబండ్లు, బడిపిల్లలు వాటి కిందుగానే పోతుంటారు. తెలుగువాళ్లు వెళితే లోపలి గోడలో పడమటి వైపున్న పెద్ద బండ చూడకుండా రాకూడదు. 41 అడుగుల పొడవైన ఒకే రాయి. దాని మీద తెలుగు శాసనం. 1294లో, కాకతీయుల కాలంలో, గోరె గంగయ్య రెడ్డి ఈ కోట కట్టించాడని అందులో ఉంది. అంత రాయిని బండి మీద ఎలా లాక్కొచ్చారో బొమ్మ కూడా చెక్కారు. ఏటా కారహుణ్ణిమకు, అంటే ఏరువాక పున్నమికి, రాయచూరు మున్నూరుకాపులు జరిపే ముంగారు పండుగలో ఎద్దులు బండరాళ్లు లాగుతుంటే చూసినవాళ్లకు ఆ బొమ్మ గుర్తు రాక మానదు.

ఈ కోట ముచ్చట ఎందుకంటే, తలుపు తెరుచుకునే పద్ధతి ఐదు వందల ఏళ్లలో పెద్దగా మారలేదు. అప్పుడూ ఇప్పుడూ ఇనుము ఎంత గట్టిదన్నది తర్వాతి మాట. లోపల ఎవరున్నారు, రెండో తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నదే ముందు తేలాలి.

గాలికి పడ్డ తలుపు

ఇవాళ రాయచూరులో గడప బయట ఇరుక్కుపోవడానికి రాజ్యాలు కొట్లాడుకోనక్కర్లేదు. మే నెల మధ్యాహ్నం, ఆరేసిన బట్టలు తీసుకొద్దామని చెప్పులైనా వేసుకోకుండా అడుగు బయటపెడితే చాలు. కొత్త ఇళ్లకు, అపార్టుమెంట్లకు బిగిస్తున్న నైట్ లాచ్‌లకు దయాదాక్షిణ్యాలు లేవు. వడగాలి ఒక్క తోపు తోస్తే తలుపు దానంతటదే బిగుసుకుంటుంది. తాళంచెవి టీవీ పక్కన. ఫోను చార్జింగులో. పొయ్యి మీద పప్పు కుక్కరు. కాళ్ల కింద షాబాదు బండ కాలిపోతుంటుంది.

అలాంటప్పుడు మనుషులు చేసే మొదటి పని తలుపును భుజంతో గుద్దడం. రెండోది రాయి వెతకడం. రెండూ దండగే. తలుపు చెక్క పగులుతుంది, లాచ్ లోపల ఇంకా బిగుసుకుంటుంది, తర్వాత వచ్చే మెకానిక్ పని రెట్టింపవుతుంది. ముందు ఆలోచించాల్సింది తాళం గురించి కాదు, పొయ్యి గురించి. లోపల గ్యాసు వెలుగుతున్నా, పసిపిల్లలున్నా, మంచంపట్టిన మనిషి ఉన్నా కిటికీ అద్దం పగలగొట్టడానికి వెనకాడకూడదు, 112కు ఫోను చేయడానికి మొహమాటపడకూడదు. గ్యాసు సిలిండరు ఇంటి బయట గూట్లో ఉంటే అక్కడే రెగ్యులేటరు కట్టేస్తే సగం గండం గడిచినట్టే. ఇవేవీ లేకపోతే నీడన కూర్చుని పక్కింటివాళ్ల ఫోను అడగడమే తెలివైన పని. అద్దం ఖరీదు కంటే తాళాలవాడి కూలి తక్కువే ఉంటుంది.

తాళాలవాళ్లు ఎక్కడ ఉంటారో వెతకనక్కర్లేదు. తాలూకా కేంద్రం ఏదైనా బస్టాండుకో బజారుకో దగ్గర్లో ఒక గొడుగు, ఒక పెట్టె, కొక్కేలకు వేలాడే వందలాది ముడి చెవులు కనిపిస్తాయి. దక్కనులో చాలా ఊళ్లలో ఈ పని సిక్లిగర్ సిక్కులు చేస్తారు. ఒకప్పుడు కత్తులు, ఈటెలు చేసి సానబట్టిన కులవృత్తి వాళ్లది. ఆయుధాలు పోయాక ఆకురాయి మిగిలింది.

వాళ్ల పనితనం కాసేపు నిలబడి చూడదగ్గది. మామూలు సిలిండరు తాళంలో ఐదు ఇత్తడి పిన్నులుంటాయి. ఒక్కో పిన్ను మధ్యలో రెండు ముక్కలు. వెనక స్ప్రింగు వాటిని కిందికి నెడుతుంటుంది. సరైన చెవి దూరిస్తే దాని పళ్లు ఒక్కో పిన్నును ఒక్కో ఎత్తుకు లేపుతాయి. ఐదింటి అతుకులూ ఒకే గీత మీదకు వచ్చిన క్షణంలో సిలిండరు తిరుగుతుంది. ఒక్క పిన్ను వెంట్రుకవాసి పైకో కిందికో ఉన్నా కదలదు. పిన్నుకు ఆరు ఎత్తులనుకుంటే ఐదు పిన్నులకు 7,776 రకాల చెవులు తయారుచేయొచ్చు. చవక తాళాల కంపెనీలు అన్ని రకాలు చేయవు. అందుకే ఎదురింటివాళ్ల చెవితో మన తాళం తెరుచుకోవడం అప్పుడప్పుడూ జరుగుతుంది.

చెవి పోయినప్పుడు తాళాలవాడు ఏం చేస్తాడంటే, పళ్లు లేని ముడి చెవిని లోపలికి దూర్చి కొంచెం బలంగా తిప్పుతాడు. తిరగదు. బయటికి తీసి వెలుగులో చూస్తాడు. పిన్నులు ఒత్తుకున్న చోట ఇత్తడి మీద సన్నని గుర్తులు పడతాయి. ఆ గుర్తు ఉన్నచోట ఆకురాయితో రెండు గీతలు గీస్తాడు. మళ్లీ దూర్చి, మళ్లీ తిప్పి, మళ్లీ చూస్తాడు. పిన్ను సరైన ఎత్తుకు వచ్చాక ఆ చోట ఇక గుర్తు పడదు. అప్పుడు దాని జోలికి పోడు. తాళం విప్పకుండా, పగలగొట్టకుండా, కేవలం ఇత్తడి మీద గీతలు చదువుతూ కొత్త చెవి పుట్టిస్తాడు. కళ్లజోడు లేకుండా ఈ పని చేసే ముసలివాళ్లను చూస్తే అసూయ కలుగుతుంది. పని మొదలుపెట్టకముందే డ్రిల్లు తీసేవాణ్ణి మాత్రం ఒక మాట అడగండి, చెవి చేయడం వచ్చా రాదా అని. డ్రిల్లు పెట్టాక కొత్త తాళం కొనక తప్పదు. మన ఇల్లేనని రుజువు అడిగినవాణ్ణి చూసి విసుక్కోవద్దు. అడగనివాణ్ణి చూసి జంకాలి.

తెరవలేని తాళం ఉందా?

లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే ఆయన ఉందన్నాడు. తన తాళాన్ని 1790లో దుకాణం అద్దాల్లో పెట్టి, తీసినవాడికి 200 గినీలు ఇస్తానని బోర్డు కట్టాడు. అరవై ఏళ్లు ఎవరికీ చేతకాలేదు. 1851లో అక్కడి మహా ప్రదర్శనకు వచ్చిన అమెరికన్ ఆల్ఫ్రెడ్ హాబ్స్ పదహారు రోజుల్లో 51 గంటలు దాని ముందు కూర్చుని తీసేశాడు. అంతకుముందే చబ్ కంపెనీ వాళ్ల గర్వకారణమైన తాళాన్ని 25 నిమిషాల్లో తెరిచాడు. తాళాల మీద ఇంగ్లీషువాళ్లకున్న ధీమా ఆ ఏడుతో చెల్లిపోయింది. మనం ఇప్పుడు వాడుతున్న పిన్నుల తాళానికి ఆకారమిచ్చిన లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంటు తీసుకున్నాడు. దాని తాత మాత్రం పాత ఈజిప్టు కొయ్య తాళం.

మన దేశంలో ఈ వ్యాపారానికి పేరు తెచ్చినవాడు వకీలు పని వదిలేసుకున్న మనిషి. అర్దేశిర్ గోద్రెజ్ కోర్టులో అబద్ధం చెప్పలేనని నల్లకోటు విప్పేసి, 1897లో బొంబాయిలో తాళాలు చేయడం మొదలుపెట్టాడు. అలీగఢ్ తాళం, దిండిగల్ తాళం మన కిరాణా కొట్ల దాకా వచ్చినవే. దిండిగల్‌లో మామిడికాయ ఆకారంలో చేసే తాళానికి ఇంకా గిరాకీ ఉంది. ఆ ఊరి తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇప్పుడు వేలిముద్రతో తెరుచుకునే తాళాలు రాయచూరు ఇళ్లకూ వస్తున్నాయి. చెవి పోగొట్టుకునే బాధ లేదన్నది నిజమే. కానీ పత్తి ఏరి, మిరపకాయలు కోసి, సిమెంటు కలిపి గీతలు అరిగిపోయిన వేళ్లను యంత్రం గుర్తుపట్టదు. రేషన్ షాపు ముందు ఆ అవస్థ చూశాం, ఇంటి ముందు కూడా ఎందుకు? బ్యాటరీ అయిపోతే ఏమిటన్నది రెండో సందేహం. ఇలాంటి తాళాల్లో చాలావాటికి అడుగున రెండు చిన్న లోహపు బొడిపెలుంటాయి. తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ తెచ్చి వాటికి ఆనిస్తే కాసేపు ప్రాణం వస్తుంది. ఇంట్లో బిగించినవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి చెప్పి ఉంటారో!

పక్కింటి మేకు

రాయచూరు పల్లెల్లో పాత మట్టి మిద్దెలకు పైన గవాక్షి ఉంటుంది. వెలుతురు కోసం, పొగ పోవడానికి పెట్టిన కన్నం. వాన వస్తే మూకుడో బండో మూత. తలుపు లోపల గడియ పడితే ఇంట్లో అందరికంటే సన్నగా ఉన్న పిల్లవాణ్ణి మిద్దెక్కించి అందులోంచి దించేవాళ్లు. ఆ ఘనకార్యం చేసిన పిల్లవాడు నెల రోజులు వీధిలో ఛాతీ విరుచుకుని తిరిగేవాడు. ఆర్‌సీసీ స్లాబులు వచ్చాక ఆ కన్నమూ పోయింది, ఆ పదవీ పోయింది.

మిగిలినదల్లా దాచే చోట్లు. తలుపు దూలం మీద, తులసికోట వెనక, కరెంటు మీటరు పెట్టెలో, పాత చెప్పు లోపల, బోర్లించిన పూలకుండీ కింద. ఇంటాయన తానొక్కడే కనిపెట్టాననుకుంటాడు. దొంగలు మొదట చెయ్యి పెట్టేది అక్కడే.

నిక్కమైన చోటు పక్కింటి గోడకు కొట్టిన మేకు. రాయచూరు పాతబస్తీలో తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ ఒకే వాక్యంలో కలిసిపోయే గల్లీల్లో ఈ మాట రోజూ వినబడుతుంది: "అక్కా, బీగంచెవి మీ ఇంట్ల పెట్టి పోతున్నా. పిల్లోడు బడి నుంచి వస్తే ఇయ్యి." అంతే. సంతకం లేదు, రసీదు లేదు.

సింధనూరు, మాన్వి వైపు తెలుగు క్యాంపుల్లో ఈ ఏర్పాటు ఇంకా గట్టిది. తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయి ఎడమ కాలువకు నీళ్లు వచ్చాక గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు అక్కడ ఉన్నది అమ్ముకుని వచ్చి ఇక్కడ నల్లరేగడి కొన్నారు. పొలాల మధ్య వేసుకున్న పాకలే క్యాంపులయ్యాయి. చుట్టూ కొత్త భాష, కొత్త నేల. బంధువులు రైలు దూరంలో. అలాంటి చోట పక్కింటివాళ్లే చుట్టాలయ్యారు. సంక్రాంతికి ఊరెళ్లే ముందు ఇప్పటికీ ఆ సంభాషణ ఇలాగే ఉంటుంది.

"పిన్నిగారూ, తాళం మీ దగ్గర పెడుతున్నామండి. సాయంత్రం మొక్కలకు ఓ చెంబుడు నీళ్లు పొయ్యరూ?"

"అలాగేలేమ్మా. పాలవాడికి వద్దని చెప్పావా మరి?"

రెండో ప్రశ్నలో ఉంది అసలు కాపలా. వాకిట్లో పాల ప్యాకెట్లు, పేపర్లు పోగుపడితే ఇంట్లో ఎవరూ లేరని వీధంతా తెలుస్తుంది. పిన్నిగారికి తెలిసిన ఆ సంగతినే ఆంధ్రప్రదేశ్ పోలీసులు యాప్‌గా మార్చారు. ఊరెళ్లేవాళ్లు ఎల్‌హెచ్‌ఎంఎస్‌ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్)లో నమోదు చేసుకుంటే ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెట్టి వెళతారు. మంచి పనే. కానీ కెమెరా దొంగను చూస్తుంది గాని, ఊరి నుంచి అర్ధరాత్రి దిగి తాళంచెవి ఎక్కడ పడేసుకున్నామో తెలియక నిలబడ్డ మనకు తలుపు తీయదు.

కారు తలుపు పడితే

ఇంటి బయట ఇరుక్కుంటే చెమట పడుతుంది. కారు లోపల పిల్లలు ఇరుక్కుంటే ప్రాణం పోతుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

2025 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు ఆడపిల్లలు ఆగి ఉన్న కారులో ఆడుకుంటూ ఇరుక్కుని చనిపోయారు. మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో నలుగురు. రెండు చోట్లా కారును ఎవరూ ఎక్కడికీ తోలుకుపోలేదు. ఇంటి దగ్గరే, అయినవాళ్లకు కొద్ది దూరంలోనే.

కారు అద్దాల్లోంచి ఎండ లోపలికి పోతుంది. సీట్లు, డ్యాష్‌బోర్డు వేడెక్కి ఆ వేడిని గాలికిస్తాయి. ఆ గాలికి బయటికి దారి లేదు. 2005లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వైద్యులు కొలిచి చూస్తే, గంటలో కారు లోపలి వేడి బయటికంటే సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అందులో ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే. అద్దం కొంచెం దించి పెట్టినా పెద్ద తేడా రాలేదు. వాళ్లు కొలిచిన రోజుల్లో బయటి వేడి 36 డిగ్రీలు దాటలేదు. వేసవిలో రాయచూరులో అంతకంటే చల్లని మధ్యాహ్నం దొరకడమే కష్టం. పైగా పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్లకంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది.

కాబట్టి పిల్లలు లోపల ఉన్నప్పుడు తాళాలవాడికి ఫోను చేసి ఎదురుచూడకూడదు. పిల్లలకు దూరంగా ఉన్న పక్క కిటికీని ఎంచుకోవాలి. అద్దం మధ్యలో కాకుండా మూలన, గట్టిగా మొనదేలిన దానితో కొట్టాలి. పక్క అద్దాలు సాధారణంగా చిన్న చిన్న పలుకులై రాలతాయి. ముందు అద్దం మీద బలం వృథా చేయొద్దు, రెండు గాజుపొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి అది బీటలు వారుతుందే తప్ప ఊడిరాదు.

పిల్లలకు నేర్పాల్సింది ఒకటుంది. హారన్. చాలా కార్లలో తాళంచెవి లేకపోయినా అది మోగుతుంది. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపల్నించి ఎంత లాగినా తెరుచుకోవు, ముందు సీట్లోకి దూకి అక్కడి తలుపు లాగాలి. బడిలో ట్రాఫిక్ సిగ్నల్ రంగులు చెప్పించుకుంటున్న వయసుకే ఈ రెండు ముక్కలూ నేర్పొచ్చు. పెద్దవాళ్లకు అంతకంటే తేలిక పని: ఆగి ఉన్న కారుకు తాళం వేయడం, చెవిని పిల్లలకు అందని ఎత్తున పెట్టడం.

ఖాళీ కారు ముందు నిలబడ్డవాళ్లకు ఇంత కంగారు అక్కర్లేదు. బటన్ నొక్కితే తెరుచుకోకపోతే రిమోట్‌లో బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి ఉండొచ్చు. చాలా రిమోట్ల పక్కన చిన్న మీట ఉంటుంది, లాగితే లోపల దాచిన ఇనప చెవి బయటికొస్తుంది. డ్రైవరు తలుపు హ్యాండిల్ దగ్గర దానికి కన్నం ఉంటుంది, కొన్ని కార్లలో మూత కింద. లోపలికి పోయాక రిమోట్‌నే స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే బండి అందుకుంటుంది. బ్యాటరీ లేకపోయినా రిమోట్‌లోని చిన్న చిప్పు దగ్గరి నుంచి బండితో మాట్లాడగలదు. ఈ చిప్పు ఉంది కాబట్టే బజారులో గీయించుకున్న నకలు చెవి తలుపు తీస్తుంది గాని ఇంజన్ను లేపదు.

గుళె తాళాలు, అప్పు తాళాలు

దేవదుర్గ, లింగసుగూరు, మస్కి వైపు వర్షాధార పల్లెల్లో తాళానికి ఇంకో కాలం ఉంది. ఖరీఫు పంట ఇంటికొచ్చాక, రాకపోయాక కూడా, కుటుంబాలకు కుటుంబాలు బెంగళూరు, హైదరాబాదు, ముంబయి, పుణె బస్సులెక్కుతాయి. గుళె పోవడమంటారు. ఇటుకలు, సెంట్రింగు, రోడ్డు పని. బస్సు కదిలే ముందు తలుపుకు గొలుసు, గొలుసుకు తాళం. చెవి మాత్రం బెంగళూరు పోదు. ఊళ్లో మిగిలిన అవ్వ కొంగున ముడిపడుతుంది. కొడుకుదొకటి, మరిది కొడుకుదొకటి, ఎదురింటివాళ్లదొకటి. ఏ చెవి ఏ ఇంటిదో అవ్వ తడిమి చెబుతుంది. వీధి మొత్తానికి బ్యాంకు లాకరు ఆమే.

అదే వీధిలో, చూడ్డానికి అలాగే ఉండే తాళం ఇంకో రకంది కూడా ఉండొచ్చు. సూక్ష్మ రుణాల వారం కంతు కట్టలేక రాత్రికి రాత్రి వెళ్లిపోయినవాళ్లది. 2025 జనవరిలో కర్ణాటక పల్లెల నుంచి ఈ వార్తలు వరసగా వచ్చాయి. కొన్నిచోట్ల అప్పిచ్చినవాళ్లే వచ్చి ఇంటికి తమ తాళం వేశారు. బెళగావి జిల్లాలో ఒక కుటుంబం పసిబిడ్డ తల్లితో సహా వీధిన పడితే, మంత్రి కలగజేసుకున్నాక మళ్లీ ఇంట్లోకి పోగలిగింది. ఫిబ్రవరి 12న రాష్ట్రం సూక్ష్మ రుణాల వేధింపుల మీద ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత చట్టం చేసింది. బలవంతపు వసూలుకు పదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా.

తెలుగు పాఠకులకు ఇది కొత్త కథ కాదు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇలాంటి ఆర్డినెన్సే తెచ్చింది. అక్కడ దారి మూసుకున్నాక ఈ వ్యాపారం పొరుగు రాష్ట్రాల్లో పెరిగింది. కృష్ణకు అవతలి గట్టున పడ్డ గొడవ ఇవతలి గట్టుకు రావడానికి పదిహేనేళ్లు పట్టింది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం సూక్ష్మ రుణమంటేనే తాకట్టు లేని అప్పు, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి ఇచ్చేది. కాగితాల్లో ఇల్లు లేదు. లేని ఇంటికి తాళం ఎలా వేస్తారు? ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పయితే దారి వేరు. అందులో కూడా సర్ఫేసీ చట్టం కింద ముందు అరవై రోజుల నోటీసు ఇవ్వాలి. ఒక సాయంత్రం నలుగురు కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద వచ్చి బిగించే తాళానికి చట్టంలో చోటు లేదు.

అద్దె ఇళ్లకూ అంతే. బాడిగ బాకీ ఉందని, మనిషి బయటికెళ్లిన వేళ చూసి యజమాని కొత్త తాళం వేసేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. బాకీ నిజమే కావచ్చు. అయినా కోర్టు దారిన కాకుండా మనిషిని బయటపడేస్తే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ఆరో సెక్షను కింద స్వాధీనం తిరిగి ఇప్పించమని దావా వేయొచ్చు. ఇల్లు ఎవరిదన్న మాట అందులో రాదు, ఎవరు ఉంటుండగా ఎవరు గెంటారన్నదే చూస్తారు. గడువు మాత్రం ఆరు నెలలే. పెద్దమనుషుల పంచాయతీల్లో ఆ ఆరు నెలలూ కరిగిపోతాయి.

ఊరికే తాళం

2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి లాక్‌డౌన్ ప్రకటన వచ్చినప్పుడు గుళె పోయినవాళ్లు ఇంకా పట్నాల్లోనే ఉన్నారు. బస్సు లేదు, రైలు లేదు. నడిచినవాళ్లు నడిచారు. తీరా చేరేసరికి తెలంగాణ, కర్ణాటక పల్లెల్లో చాలావాటికి పొలిమేరలోనే ముళ్లకంప అడ్డం. రాష్ట్రానికి రాష్ట్రానికి మధ్య చెక్‌పోస్టు. రాయచూరుకు వైద్యానికి, మందులకు, చదువులకు హైదరాబాదు ఒక పూట ప్రయాణం. ఆ వారంతో అది వేరే దేశమైంది. ఇంటి చెవి కొంగున ఉన్న అవ్వ ఊళ్లోనే ఉంది, ఇంటికి వచ్చినవాళ్లు బడి గదుల్లో క్వారంటైన్‌లో ఉన్నారు. తాళాలవాడు తీయగలిగిన తాళం కాదది.

మామూలు ఏడాది గుళె వాళ్లు ఉగాదికో, తొలకరి ముందో తిరిగొస్తారు. నాలుగైదు నెలల రేగడి దుమ్ము తాళం కన్నంలోకి దూరి గడ్డకట్టి ఉంటుంది. చెవి దూరుతుంది, తిరగదు. అందరూ చేసేది కొబ్బరినూనె పోయడం. ఆ పూటకు పని జరుగుతుంది గాని, జిడ్డుకు దుమ్ము ఇంకా పట్టి మరుసటి ఏడాదికి ముద్దవుతుంది. పెన్సిలు ముక్కు గీకి ఆ పొడిని కన్నంలో ఊది, చెవి పళ్లకు కూడా రుద్ది రెండు మూడుసార్లు దూర్చి తీస్తే నున్నగా కదులుతుంది. పొయ్యేటప్పుడు తాళం మీద ప్లాస్టిక్ సంచి ముక్క కట్టి పోతే ఈ తిప్పలే ఉండవు.

ఇవేవీ పనిచేయనప్పుడు గొడ్డలి వస్తుంది. రెండు దెబ్బలకు తలుపు తెరుచుకుంటుంది. తర్వాత చూస్తే తాళం చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. ఊడి చేతికొచ్చేది తలుపు చెక్కకు అర అంగుళం మరలతో బిగించిన రేకు కొండీ. అంగడిలో పది తాళాలు చేతిలో పట్టి తూచి, బరువైనది ఎంచుకుని వందలు పోసి కొన్నవాళ్లు కొండీ మాత్రం ఏదో ఒకటి ఇయ్యమని అడుగుతారు. దొంగలకూ ఈ సంగతి తెలుసు. వాళ్లు తాళం జోలికి పోరు. ఈసారి తాళం కొనేటప్పుడు తలుపు అవతలి వైపుకు బోల్టు పోయి నట్టు పడే మందపాటి కొండీ అడగండి. బిగించేవాణ్ణి మరలు కొట్టొద్దనండి.